పాచికలు – పరమపద సోపానము
(ముక్కోటి ఏకాదశి జాగరణ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



మీరందరూ ఈ ఉదయం ఉత్తరద్వార దర్శనం చేసుకొని, పగలంతా ఉపవాసముండి, ఇప్పుడు జాగరణకై ఈ మండపంలో ఆసీనులై ఉన్నారు. ఇందాక నేను లోనికి వస్తూ ఉండగా, ఒక మూల పిల్లలు వైకుంఠపాళి పటం పరచుకొని గవ్వలు వేస్తున్నారు. నన్ను చూడగానే ఒక బాలుడు బెదరి పటం చుట్టబోయినాడు. "చుట్టకు నాయనా! ఈ రాత్రి నేను చెప్పబోయేది దానిని గురించే" అన్నాను. వాడు నమ్మలేదు. వేదం చదువుకొన్న ముసలివాడు ఆటను గురించి ఏమి చెప్తాడని వాడి సందేహం. మీలో కొందరికీ ఆ సందేహం ఉండవచ్చును.

ఆటను మన పెద్దలు తక్కువగా చూడలేదు. పరమాత్మ ఈ జగత్తును ఎందుకు సృష్టించినాడు, ఆయనకు తీరని కోరిక ఏమున్నది అనే ప్రశ్న వచ్చినప్పుడు, బ్రహ్మసూత్రాలలో బాదరాయణ మహర్షి ఇచ్చిన సమాధానం ఒక్కటే: అది ఆయనకు లీల. లీల అంటే ఆట. ఆయనకు అది ఆట. దానిలో కాయలమైన మనకు మాత్రం అది బ్రతుకు. కాబట్టి ఆ ఆట తీరు తెలిసికొనవలసిన అవసరం మనకే ఉన్నది.

మన ఇండ్లలో పూర్వం ముఖ్యంగా మూడు ఆటలు ఉండేవి. మొదటిది వైకుంఠపాళి. దానినే పరమపద సోపాన పటమని అంటారు. మా ఇంటి పటంలో 132 గళ్ళు. నిచ్చెనలు సుగుణాలు, పాములు దుర్గుణాలు. గవ్వలు ఎంత పడితే అంత నడవవలసినదే. ఆడేవాడికి ఇష్టాయిష్టాలు లేవు. రెండవది చదరంగం. అందులో పడటమనేది లేదు, అంతా ఆడేవాడి బుద్ధి. మూడవది పచ్చీసు. ఇరవై అయిదు అనే అర్థం గల మాట నుండి వచ్చిన పేరు అది. నాలుగు రెక్కల గుడ్డ. ఒక్కొక్క రెక్కలో ఇరవైనాలుగు గళ్ళు, మొత్తం 96. నలుగురు ఆటగాళ్ళు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు.

ఈ మూడింటిలో మన బ్రతుకు ఏ ఆటను పోలి ఉన్నది? అంతా తలవ్రాత అని కూర్చునేవాడు తాను వైకుంఠపాళి ఆడుతున్నాననుకుంటాడు. అంతా నా ప్రజ్ఞ అని విర్రవీగేవాడు చదరంగం ఆడుతున్నాననుకుంటాడు. ఇద్దరూ పొరబడినవారే. మనం ఆడేది పచ్చీసు. అందులో పందెం ఎంత పడుతుందో మన చేతిలో లేదు, అది ప్రారబ్ధం. పడిన పందానికి ఏ కాయను నడపవలెనో మన చేతిలోనే ఉన్నది, అది పురుషకారం. పందెం చెడ్డదైనా నేర్పుతో నడిపి ఒడ్డెక్కినవారున్నారు. మంచి పందాలు వరుసగా పడినా తొందరపడి కాయలను చంపించుకొన్నవారూ ఉన్నారు. ఎవరి పుట్టుక వారు ఎన్నుకొనలేదు, తల్లిదండ్రులను ఎన్నుకొనలేదు. అది పడిన పందెం. ఆ తరువాతి నడక మాత్రం మనదే.

మన యుగాల పేర్లు కూడ పాచికల పందాల పేర్లే. కృతం, త్రేత, ద్వాపరం, కలి. నాలుగింటిలో కృతం గెలిచే పందెం, కలి ఓడే పందెం. ఛాందోగ్యోపనిషత్తులో రైక్వుని మహిమ చెప్పవలసి వచ్చినప్పుడు, కృతం గెలిచినవానికి క్రింది పందాలన్నీ ఎట్లా చెందుతాయో, లోకులు చేసే మంచి అంతా అట్లా అతనికి చెందుతుందని పోలిక చెప్పబడినది. ఐతరేయ బ్రాహ్మణంలో ఇంద్రుడు హరిశ్చంద్రుని కుమారుడైన రోహితునికి చేసిన ఉపదేశం మరింత చక్కనిది. పడుకొన్నవాడు కలి, లేవబోయేవాడు ద్వాపరం, లేచి నిలిచినవాడు త్రేత, నడిచేవాడు కృతం అని దాని భావం. గమనించండి. కలి కాలంలో ఉన్నాము గనుక మేమేమి చేయగలమని మనం అంటాము. మనం పడుకొన్నాము గనుకనే మనకు కలి పట్టినదని ఆ బ్రాహ్మణ వాక్యం అంటున్నది.

ఇక వేదంలోని జూదగాని వద్దకు వద్దాం. ఋగ్వేదం పదవ మండలంలో ముప్పదినాలుగవ సూక్తానికి అక్షసూక్తమని పేరు. పదునాలుగు ఋక్కులు. అక్షములంటే ఆనాటి పాచికలు, అంటే తానికాయలు. కరక్కాయ, ఉసిరికాయలతో కలిపి త్రిఫల చూర్ణంలో మనం వేసుకొనే తానికాయలే అవి. ఈ సూక్తంలో మాట్లాడేది ఒక జూదరి. అతని భార్య మంచిది, ఎన్నడూ కసరలేదు. ఆమెను పోగొట్టుకొన్నాడు. అత్తగారికి అతడంటే అసహ్యం. ఇక ఆడనని ఒట్టు పెట్టుకొంటాడు. మిత్రులు జూదశాలకు పోతూ ఉంటారు, పాచికల చప్పుడు వినబడుతుంది, కాళ్ళు తమంతట తామే అటు నడుస్తాయి. ఆ పాచికలకు చేతులు లేవు, చేతులున్నవానిని లొంగదీస్తాయి. చల్లని కాయలే, కాని గుండెను కాలుస్తాయి. ఇదీ ఆ సూక్త సారాంశం. చివరకు సవితృదేవుడు చెప్పినట్లుగా, జూదం వదలి నీ పొలం దున్నుకో, నీ పశువులూ నీ ఇల్లాలూ అక్కడే ఉన్నారనే హితబోధ ఉన్నది.

ఇన్ని వేల ఏండ్ల తరువాత ఆ సూక్తంలో ఏ మాట పాతబడినది? తానికాయల స్థానంలో పేకముక్కలు వచ్చినవి. పేకముక్కల స్థానంలో సెల్‌ఫోను వచ్చినది. అప్పుడు జూదశాలకు నడిచి పోవలసి ఉండేది. తరువాత జూదశాలే జేబులోనికి వచ్చి, అర్ధరాత్రి దుప్పటి క్రింద తెరచుకొన్నది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధిస్తూ చట్టసవరణలు జరిగినవి. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసినది. మంచిదే. జూదాన్ని రాజు అణచవలెనని మనువూ చెప్పినాడు. కాని చట్టం చేతిని పట్టుకొంటుంది గాని మనస్సును పట్టుకొనలేదు. పోయిన సొమ్మును మరొక్క పందెంతో రాబట్టుకొంటాననే ఆశ ఉన్నదే, ధర్మరాజంతటివానిని అదే ముంచినది. ధనం, రాజ్యం, నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, చివరకు ద్రౌపది. ఒక్కొక్క మెట్టు దిగుతున్నప్పుడు లేచిపోయే అవకాశం ఉన్నది. విదురుడు వద్దని చెప్తూనే ఉన్నాడు. లేవలేదు.

ఇంతవరకు జూదగానిని గురించి చెప్పినాను. మీరు తలలూపినారు. మనలో జూదం ఆడనివారికి ఈ మాటలు వినటం సుఖంగానే ఉంటుంది. నేనూ ఏండ్ల తరబడి అట్లాగే సుఖంగా ఈ సూక్తంపై ఉపన్యాసాలు ఇచ్చినాను. ఈనాడు నాకు డెబ్బదియారు ఏండ్లు. ఒక విషయం ఈ భగవత్సన్నిధిలో చెప్పి నా మనస్సు తేలిక చేసికొంటాను.

నాకు ఒక తమ్ముడు. నాన్నగారు నన్ను పాఠశాలకు పంపి, వాడిని బడికి పంపినారు. సెలవులకు నేను ఇంటికి వస్తే మేమిద్దరమూ అరుగుమీద పచ్చీసు ఆడేవారము. నేనూ వాడూ ఎదురెదురుగా కూర్చొని జత. మేనత్త కొడుకులిద్దరూ మరొక జత. పెద్దయిన తరువాత వాడికి పేకాట అలవాటైనది. మొదట పండుగలకు, తరువాత ప్రతిరాత్రికి. తన వాటా పొలం పోయినది. మరదలు పిల్లను తీసికొని పుట్టింటికి పోయినది. 1986లో ఒక వానాకాలపు రాత్రి వాడు మా ఇంటి గుమ్మం ముందు తడుస్తూ నిలబడినాడు. వెనుక ఇద్దరు అప్పులవాళ్ళున్నారు. వారిలో ఒకడు నన్ను, "పంతులుగారూ! ఇతను మీ తమ్ముడేనా? మీరు పూచీ ఉంటారా?" అని అడిగినాడు.

"ఇతనెవరో నాకు తెలియదు" అన్నాను. తలుపు వేసినాను.

మరునాడు ఉదయం యథాప్రకారం విద్యార్థులకు సంత చెప్పటానికి కూర్చున్నాను. కొన్ని దినాలుగా పదవ మండలం నడుస్తున్నది. ఆనాటి పాఠం అక్షసూక్తం. నాలుగవ ఋక్కులో ఆ జూదగానిని గురించి తండ్రీ, తల్లీ, అన్నదమ్ములూ ఏమంటారో ఉన్నది. వీడెవడో మేమెరుగము, కట్టి తీసికొని పొండి అంటారట. నా బాల్యం నుండి ఆ ఋక్కును ఎన్ని వందల మార్లు స్వరం తప్పకుండా చెప్పినానో! ఆ ఉదయం పిల్లలు నా వెంట రెండు మార్లు చెప్పినారు. నాకు మూడవ మారు గొంతు పెగల్లేదు. ఆ సూక్తంలో నేను ఎక్కడ ఉన్నానో నాకు అప్పుడు తెలిసినది. జూదగానిలో నేను లేను. వానిని ఎరుగమన్న వారిలో ఉన్నాను.

అయినా వెంటనే వెదకటానికి పోలేదు. నా మాట తప్పయినా నా పక్షం ధర్మమే గదా అని ఒక సమాధానం చెప్పుకొన్నాను. చదువుకొన్నవారికి సమాధానాలు త్వరగా దొరుకుతాయి. ఏడేండ్లు గడచినవి.

ఈ సూక్తానికి ఋషి ఎవరో అనుక్రమణిక చెప్తున్నది. కవష ఐలూషుడు, లేదా అక్ష మౌజవతుడు అని. ఆ కవషుని కథ ఐతరేయ బ్రాహ్మణంలో ఉన్నది. ఋషులు సరస్వతీతీరంలో సత్రయాగం చేస్తున్నారు. కవషుడు అందులో కూర్చుంటే, వీడు దాసీపుత్రుడు, జూదరి, మన మధ్య ఎట్లా దీక్ష వహిస్తాడని వారు అతనిని బయటికి నెట్టివేసినారు. నీరు కూడ త్రాగకుండా దప్పికతో చావవలెనని ఎడారిలోనికి తరిమినారు. అక్కడ దాహంతో అలమటిస్తూ అతడు జలదేవతల సూక్తాన్ని దర్శించినాడు. వెంటనే సరస్వతి తన ఒడ్డును వదలి అతనిని వెదకుకొంటూ వచ్చి చుట్టూ ప్రవహించినది. యాగశాలలోనివారు అది చూచి, వీనిని దేవతలు ఎరుగుదురు గదా, పిలుచుకొని వద్దామని పోయి పిలిచినారు.

మనం ఎరుగమన్నవానిని దేవతలు ఎరుగుదురు! ఈ కథ చదివినప్పుడెల్లా మనం కవషునికి కలిగిన అనుగ్రహాన్ని చూస్తాము. నేను ఆ యాగశాలలోనివారిని చూస్తాను. వారూ శాస్త్రం తెలిసినవారే. నదిని ఒడ్డున పెట్టుకొని దాహమైన మనిషిని తరిమినవారు. కాని వారిలో ఒక గొప్పతనం ఉన్నది. తప్పు తెలిసిన తరువాత తామే లేచి వెళ్ళినారు.

నలుని చరిత్రలోనూ ఇదే ఉన్నది. అరణ్యపర్వంలో బృహదశ్వమహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ. నన్నయభట్టు తెలుగు చేసినాడు. తమ్ముడైన పుష్కరునితో జూదమాడి నలుడు సర్వస్వం పోగొట్టుకొన్నాడు. తరువాత ఋతుపర్ణుని వద్ద అక్షహృదయం నేర్చి, మళ్ళీ ఆడి గెలిచినాడు. అప్పుడేమి చేసినాడు? పుష్కరుని చంపలేదు, తరుమలేదు. ఆ దోషం కలిది, నీది కాదని ఊరడించి, కౌగిలించుకొని, వాని భాగం వానికి ఇచ్చి పంపినాడు. అక్షహృదయం అంటే పాచికల లెక్క మాత్రమే కాదని నాకు తోస్తుంది. గెలిచినప్పుడు ఎట్లా గెలవవలెనో తెలియటం కూడ అందులో భాగమే.

1993లో బయలుదేరి వెళ్ళి తమ్ముణ్ణి వెదకినాను. మరొక జిల్లాలో, ఒక కాలువ ప్రక్క ఊరిలో దొరికినాడు. రెండెకరాలు కౌలుకు తీసికొని సేద్యం చేస్తున్నాడు. నేను గట్టుమీద నిలబడినప్పుడు వాడు నాగలి పట్టుకొని ఉన్నాడు. భార్యాబిడ్డలు తిరిగి వచ్చినారు. పాక ముందు ఒక ఆవు కట్టి ఉన్నది. అక్షసూక్తం చివర సవిత చెప్పినదంతా అక్కడ ఉన్నది. వేదం చెప్పుకొన్నవాడిని నేను, ఆచరించినవాడు వాడు.

"మంచిపని చేసినావురా, ఎట్లా మానినావు?" అని అడిగినాను. ఆ రాత్రి నేనన్న మాట వాడికి బుద్ధి తెప్పించినదేమో అని నా మనస్సులో ఒక మూల ఆశ ఉన్నది. వాడు అబద్ధం చెప్పలేదు. "నువ్వన్న మాటతో మానలేదు అన్నయ్యా! ఆ మాటతో ఇంకా రెండేళ్ళు ఎక్కువ ఆడాను. ఎవరికీ ఏమీ కాని వాణ్ణి, ఇంకేం పోతుందిలే అనిపించింది. తరువాత ఈ ఊళ్ళో ఒక రైతు, నా సంగతంతా తెలిసి కూడా, పూచీ అడక్కుండా విత్తనాలు అప్పిచ్చాడు. ఆయన నమ్మకం పోగొట్టడానికి చెయ్యి రాలేదు" అన్నాడు.

నేను పాము నోట పెట్టినవాణ్ణి ముక్కూమొగం తెలియని రైతు నిచ్చెన ఎక్కించినాడు. ఆ రాత్రి వాడింట్లో భోజనం చేసినాను. చాలసేపు మాటలు లేవు. తరువాత వాడే, "అన్నయ్యా! పచ్చీసులో నీ కాయలన్నీ ఎప్పుడూ ముందే పండేవి, గుర్తుందా?" అని నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

పచ్చీసు ఆడినవారికి తెలుసు. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జత. తన నాలుగు కాయలూ పండినంత మాత్రాన ఆట గెలిచినట్లు కాదు. జతగాని నాలుగు కాయలూ పండవలెను. ఎనిమిదీ పండితేనే గెలుపు. ఒకడు గెలిచి ఒకడు ఓడటమనేది ఆ జతలో లేదు. నా చదువు పండినది, నా పేరు పండినది, సన్మానాలు పండినవి. ఎదుటి కాయలు నడివీధిలో చచ్చి ఉండగా, నేను గెలిచినాననుకొని గుడ్డ దులుపుకొని లేచిపోయినాను. ఆట తెలియనిది నాకే.

తమ్ముడు 2011లో పరమపదించినాడు. మాకు మిగిలిన పదునెనిమిది ఏండ్లూ మేము కలిసే ఉన్నాము. పోయిన ఏడేండ్లు మాత్రం తిరిగి రాలేదు.

సోదర సోదరీమణులారా! ఈ రాత్రి మీ పిల్లలతో వైకుంఠపాళి ఆడండి. ఆడేటప్పుడు రెండు సంగతులు చూపండి. ఒకటి, అన్నిటికన్న పెద్ద పాము అట్టడుగున ఉండదు. పరమపదానికి దగ్గరలో ఉంటుంది. దానినోట పడితే అడుగుకు జారవలసినదే. క్రింద ఉన్నవానికి దాని భయం లేదు. పైకి వచ్చి, నేను చేరినాను, వీడు చేరలేదు అనుకొనేవానికే దాని భయం. రెండవది, ఎంత క్రిందికి జారినవానినైనా ఆ ఆట బయటికి నెట్టదు. వాడి వంతు రాగానే గవ్వలు వాడి చేతికి ఇవ్వవలసినదే. నీవు పడినావు, ఇక ఆడరాదు అనే నియమం ఆ పటం గీసిన పెద్దలు పెట్టలేదు. మనం మన ఇండ్లలో పెట్టుకొన్నాము.

మీలో ఎవరి ఇంటనైనా జూదంలోనో, త్రాగుడులోనో జారినవాడు ఉంటే, వాడికి సొమ్మిచ్చి మళ్ళీ పందానికి పంపమని నేను చెప్పటం లేదు. ఆ అప్పు తీర్చనని ఆ రాత్రి నేను చెప్పి ఉండవచ్చును. అది తప్పు కాదు. తమ్ముడు కాడని చెప్పటం తప్పు. అప్పుకు పూచీ ఉండకపోయినా, వాడు మనవాడనటానికి పూచీ ఉండవచ్చును. పందెం వద్దని చెప్పండి, అన్నం తిని పొమ్మని కూడ చెప్పండి. ఎన్నాళ్ళుగానో మాట లేని అన్నో, తమ్ముడో, కొడుకో మీకు ఉంటే, నావలె ఏడేండ్లు ఆగకండి. పందెం మన చేతిలో లేదు. కాయను నడపటం మన చేతిలో ఉన్నది. ఇది మీ వంతు.

ఉత్తరద్వారం ఈనాడు తెరచినవాడు మనలో గెలిచినవారినీ ఓడినవారినీ వేరు చేయకుండా లోనికి రానిచ్చినాడు. మన ఇంటి తలుపునకూ ఆ గుణం కొంత అబ్బునుగాక అని ఆ వైకుంఠవాసుని ప్రార్థిస్తూ సెలవు తీసికొంటున్నాను.

స్వస్తి.